దొరసాని పొలుసు

1991వ సంవత్సరం మార్చి నెల నాలుగవ తేదీ సోమవారం ఉదయం, తీస నది పాత పాయలో ఇంకా కరగని మంచు పలకలు ఒకదానినొకటి ఒరుసుకుంటున్న వేళ, శ్రీ హయ్దు కొర్నేల్ గారు నాదష్ సరస్సు గాలపు వేటగాళ్ళ సంఘంలో సరోవర సంరక్షకులుగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటికి సంఘానికి ఉన్న ఆస్తి నీళ్ళు కారే పడవ ఒకటి, తుప్పు పట్టిన త్రాసు ఒకటి, తలుపు సరిగా పడని కార్యాలయం ఒకటి. ముప్పై అయిదేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం వారు పదవీ విరమణ చేస్తున్న ఈ శుభ సందర్భంలో, అదే కార్యాలయంలో, అదే పొయ్యి పక్కన కూర్చుని లెక్కలు రాసిన సహోద్యోగిని సెపెష్ విల్మా ఈ నాలుగు మాటలు సమర్పించుకుంటున్నది. వట్టి పొగడ్తలు కావలసినవారు తరువాతి పేజీలో జలవనరుల శాఖవారి సందేశం చదువుకోవచ్చు.

మత్స్యశాస్త్రంలో పట్టా పుచ్చుకుని వచ్చిన కొర్నేల్ గారి స్వభావం మొదటి ఏడాదే అందరికీ తెలిసివచ్చింది. చలికాలంలో సరస్సు గడ్డకడితే చేపలకు ఊపిరాడేందుకు మంచులో కంతలు కోయడం, వసంతంలో గుడ్లు పెట్టే తల్లిచేపల జోలికి ఎవరూ పోకుండా రెల్లు దుబ్బుల్లో కాపు కాయడం, దొంగవలలు కనబడితే ఒడ్డుకు లాగి అక్కడికక్కడే తగలబెట్టడం ఆయనకు నిత్యకృత్యాలు. గుడ్ల కాలంలో గాలం వేసినందుకు మేయరుగారి బావమరిదికే జరిమానా విధించిన ఘనత ఆయనది. మాట తక్కువ. ఆ తక్కువ మాట కూడా ముక్కు మీది కోపంతోనే బయటికి వచ్చేది.

ఇంత చదివినవారికి పడవ నడపడం మాత్రం చేతకాలేదు. నేర్పినవారు మన సంఘంలో అందరికన్నా పాత సభ్యులైన చికోష్ గాష్పార్ గారు. "ఒరేయ్ పట్టభద్రుడా, తెడ్డు అటు కాదురా, ఇటు! నీళ్ళని తొయ్యాలి, నన్ను కాదు!" అని ఆయన అరుస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్ళం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. అప్పటినుంచీ కొర్నేల్ గారికి ఆయన బాబాయి. ప్రతి క్రిస్మసుకూ గాష్పార్ గారు కాగులో కాచిన ఎర్రటి చేపల పులుసు ఒక గిన్నెడు కొర్నేల్ గారి ఇంటికి వెళ్ళేది. దానితోపాటు, ఏడాదంతా పర్సు ఖాళీ కాకుండా పెట్టుకోమని ఒక బంగారుతీగ చేప పొలుసూ వెళ్ళేది. మా అందరి పర్సుల్లోనూ ఆ పొలుసులే ఉండేవి.

రెండువేల సంవత్సరం దాటాక మన సరస్సుకు కొత్త వేటగాళ్ళు వచ్చారు. వారికి నాయకులు పళ్ళ డాక్టరు రద్వాన్ ఎమిల్ గారు. చేపను పట్టి, మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి, గాలం గుచ్చుకున్న చోట మందు రాసి, ఫోటో తీసి, నుదుట ముద్దుపెట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేయడం వీరి పద్ధతి. గాష్పార్ గారి తరంవారిది పట్టిన చేపను ఇంటికి తీసుకుపోయి వండుకునే పద్ధతి. వారిని వీరు "తిండిపోతులు" అన్నారు, వీరిని వారు "ముద్దులవాళ్ళు" అన్నారు. మొదట్లో అది సరదాగానే ఉండేది.

"తినాలని ఉంటే బజార్లో కొనుక్కోండి బాబాయ్! పాతికేళ్ళ ప్రాణిని తీసుకెళ్ళి పులుసులో పడేస్తారా?" అని ఎమిల్ గారు అడిగేవారు.

"నేను దాన్ని బాధ పెడితే కడుపు కోసం పెడతా. నువ్వు ఫోటో కోసం పెడతావు. ఇద్దర్లో ఎవరయ్యా పాపాత్ముడు?" అని గాష్పార్ గారు.

ఇరుపక్షాలకూ కొర్నేల్ గారు చెప్పిన మాట ఒక్కటే. చిన్నచేప పెరగాలి, పెద్దచేప గుడ్లు పెట్టాలి, కనుక ఆ రెండూ నీళ్ళకు. నడిమి చేప వంటింటికి. మేత చాలని సరస్సులో అన్నీ వదిలేస్తే అన్నీ బక్కచిక్కుతాయి, అన్నీ తినేస్తే ఏవీ మిగలవు. ఇంత సులువైన మాటకు ఇటువారూ అటువారూ కలిసి ఆయనకిచ్చిన బిరుదు గోడమీది పిల్లి. అధ్యక్ష పదవి ఎమిల్ గారికి దక్కడంతో సంరక్షకులవారి ఉద్యోగాన్ని ఏటేటా పొడిగించే సంతకం కూడా ఆయన చేతిలోకే పోయింది.

ఇక దొరసాని సంగతి. మన సరస్సులో అతిపెద్ద బంగారుతీగ అది. ఒళ్ళంతా నున్నగా ఉండి, ఎడమ పక్కన మాత్రం బొటనవేలంత పొలుసులు కోటు గుండీల్లా వరుసగా ఉండేవి. చివరి పొలుసు అంచు ఎప్పుడో ఏ కొంగ పొడిచిందో, ఒక మూల విరిగి ఉండేది. ఆ గుర్తుతోనే దాన్ని పోల్చుకునేవాళ్ళం. పట్టినవారి పేరుతో సహా దాని ఫోటో కార్యాలయం గోడ మీద ఉండేది. అంతటి తిండిపోతులు కూడా అది గాలానికి పడితే టోపీ తీసి వదిలేసేవారు.

2012 ఆగస్టులో, సరస్సు అంచున నీళ్ళు వేణ్ణీళ్ళలా ఉన్న రోజుల్లో, దొరసాని ఎమిల్ గారి గాలానికి చిక్కింది. పట్నం నుంచి పత్రికవాళ్ళు వస్తున్నారని, వాళ్ళ ముందు ఘనంగా వదలాలని, దాన్ని గుడ్డసంచీలో పెట్టి ఒడ్డు పక్క లోతులేని నీళ్ళలో కట్టి ఉంచారు. కొర్నేల్ గారు వెళ్ళి, "డాక్టరుగారూ, ఈ ఎండలో వద్దండీ, ఇప్పుడే వదిలేయండి" అన్నారు. "ఒక్క గంట ఆగవయ్యా, పిల్లలు కూడా చూస్తారు" అన్నారు అధ్యక్షులవారు. పత్రికవాళ్ళు మధ్యాహ్నం దాటాక వచ్చారు. దొరసాని చేతులు మారింది, ముద్దులు పెట్టించుకుంది, చప్పట్ల మధ్య నీళ్ళలోకి వెళ్ళింది. ఆ ఫోటో పత్రికలో పడింది.

ఆ వారంలోనే రెల్లు దుబ్బుల్లో కడుపు పైకి తేలి కనబడింది దొరసాని. చూసినవారు కొర్నేల్ గారు ఒక్కరే. ఒడ్డున విల్లో చెట్టు కింద దాన్ని పూడ్చి, మూల విరిగిన పొలుసు ఒక్కటి తీసి పర్సులో దాచుకుని, ఆయన నోరు కుట్టేసుకున్నారు. ఈ మాట బయటపడితే వదిలేయడమే తప్పని జనం అనుకుంటారనీ, పెద్ద చేపలన్నీ కాగుల్లోకి పోతాయనీ ఆయన భయం. ఉద్యోగం పోతుందనీ భయమే. ఆయనే తరువాత ఒప్పుకున్న మాట ఇది, అభినందన వ్యాసం కదా అని దాచడం న్యాయం కాదు.

శరదృతువంతా దొరసాని ఎవరి గాలానికీ పడలేదు. క్రిస్మసుకు ముందు గాష్పార్ గారు అలవాటు ప్రకారం పొలుసులు పంచితే, వాటిలో ఒకటి పెద్దదిగా ఉంది. అది వేరే చేపది. అయినా ఎమిల్ గారు దాన్ని పైకెత్తి చూపి, "ఇది ఎవరిదో మీకందరికీ తెలుసు" అన్నారు. అంతే. ముసలాయన పడవకు కన్నం పడింది. దాని మీద ఎర్ర రంగుతో "చేపల దొంగ" అని రాశారు. రొట్టెల కొట్టు దగ్గర పలకరించేవాళ్ళు కరువయ్యారు. అయినా పండగనాడు పులుసు గిన్నె కొర్నేల్ గారి గుమ్మంలోకి మామూలుగానే వచ్చింది. ఆ పులుసును ఆయన తల వంచుకునే తాగారని భార్య ఎతెల్కా గారు చెప్పారు.

2013 ఫిబ్రవరిలో జరిగిన సర్వసభ్య సమావేశాన్ని చూసినవారెవ్వరూ మరచిపోలేరు. సభ్యులలో మూడింట రెండు వంతులు ఆమోదించిన నియమావళి వసంతానికల్లా అందకపోతే సరస్సును వేలంలో పెడతామని జలవనరుల శాఖ కబురు చేసింది. కొనడానికి ఒక హోటలు యజమాని సిద్ధంగా ఉన్నాడు. అలాంటి రోజున చర్చలో మొదటి అంశం చికోష్ గాష్పార్ బహిష్కరణ! ఆయన్ను గెంటేస్తే ఆయన వెనక సగం మంది లేచిపోతారు. సగం మంది పోతే నియమావళి లేదు, నియమావళి లేకపోతే సరస్సు లేదు. ఇది తెలిసీ ఇరుపక్షాలూ గొడవకు సిద్ధపడే వచ్చాయి. హాలులో ఇనప పొయ్యి మండుతున్నా ఎవరూ కోటు విప్పలేదు.

"ఒప్పుకుంటే క్షమించేద్దాం. తిన్నానని ఒక్క మాట అనండి చాలు" అన్నారు ఎమిల్ గారు.

"తిననిదాన్ని తిన్నానని ఎట్లా చెప్పమంటావు? తింటే దండోరా వేసి మరీ తింటా, నీకూ ఒక గరిటెడు పోస్తా!"

"మరి ఆ పొలుసు?"

"నా చేపది!"

"దొంగ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. కుర్చీ ఒకటి పడింది. ముసలాయన చేతికర్ర ఎత్తారు. ఇద్దరు ముగ్గురు ఆయన మీదికి కదిలారు.

"చేతులెత్తండి" అన్నారు ఎమిల్ గారు. "బహిష్కరించాలనేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేస్తున్నాయి. అప్పుడు కొర్నేల్ గారు లేచి, బల్ల దాకా నడిచి వచ్చి, పర్సు తీసి, పొలుసు బల్ల మీద పెట్టారు.

"దించండి" అన్నారు. "ఆ చేతులు దించండి. దొరసానిని ఎవరూ తినలేదు. పత్రికవాళ్ళ కోసం ఎండలో కట్టి ఉంచారు చూడండి, ఆ వారమే చచ్చిపోయింది. నేనే పూడ్చిపెట్టాను. మూల విరిగింది చూసుకోండి. నమ్మకపోతే ఫోటో పక్కన పెట్టి చూడండి."

ఎవరో పరుగున పోయి గోడమీది ఫోటో తెచ్చారు. పక్కపక్కన పెట్టి చూశారు. విరిగిన మూల సరిగ్గా సరిపోయింది.

మొదట మాట్లాడినవారు గాష్పార్ గారు. ఆయన అధ్యక్షుల వైపు చూడనైనా లేదు. "ఎన్నాళ్ళ నుంచిరా ఇది నీ జేబులో ఉంది?"

"ఆగస్టు నుంచి, బాబాయ్."

"పండక్కి నా పులుసు తాగినప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

ముసలాయన వచ్చి ఆ పొలుసు తీసుకుని తన పర్సులో పెట్టుకున్నారు. "దీని వల్ల మాటలు పడింది నేను. ఇది నాది" అన్నారు. పోతూ పోతూ ఎమిల్ గారి దగ్గర ఆగి, "ముద్దులు పెట్టి పెట్టి చంపేశావు కదయ్యా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, దుఃఖమే ఉంది.

ఎమిల్ గారి ముఖాన నెత్తురు చుక్క లేదు. అయినా ఒక మనిషిని మెచ్చుకోవాలంటే ఇలాంటి చోటే మెచ్చుకోవాలి. "సంచీ ముడి వేసింది నేనే. కొర్నేల్ వద్దన్నాడు, నేనే వినలేదు" అని ఆయన నిలబడి చెప్పారు. కొర్నేల్ గారు అక్కడికక్కడే రాసిచ్చిన రాజీనామాను ఎమిల్ గారే పొయ్యిలో పడేసి, "ముందు నియమావళి చదవవయ్యా" అన్నారు. ఆ సాయంత్రం ఆమోదించిందే నేటికీ మన పడవల రేవులో బోర్డు మీద ఉన్నది: చిన్నదీ పెద్దదీ నీళ్ళకు, నడిమిది వంటింటికి, వదిలే చేపను నీళ్ళలోనే ఉంచి గాలం తీయాలి, నడివేసవి ఎండలో తూకం లేదు, ఫోటో లేదు. సరస్సు మనకే మిగిలింది.

అటుపైన కొర్నేల్ గారి సేవాకాలం చేపపిల్లల చెరువు తవ్వకంతోనూ, రెల్లు పునరుద్ధరణతోనూ, ఏటేటా పెరిగిన తల్లిచేపల సంఖ్యతోనూ శోభించింది. నివేదికలు దానికి సాక్ష్యం. నివేదికలకు ఎక్కనిది ఒకటున్నది. ఆ ఫిబ్రవరి తరువాత గాష్పార్ గారు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. పులుసు గిన్నె రావడం మానేసింది. రేవులో ఎదురుపడితే కొర్నేల్ గారు ప్రతిసారీ టోపీ తీసేవారు, ముసలాయన ప్రతిసారీ నీళ్ళ వైపు తిరిగేవారు. అందరి మీదా విరుచుకుపడే మనిషి ఆ ఒక్క చోట తల వంచుకుని పోయేవారు.

పోయిన వారం, తొంభైకి దగ్గరపడిన గాష్పార్ గారు కర్ర పోటేసుకుంటూ కార్యాలయానికి వచ్చారు. కొర్నేల్ గారు సరస్సు మీద ఉన్నారని చూసుకునే వచ్చారు. ఒక కవరు అడిగి తీసుకుని, తన పాత పర్సులోంచి మూల విరిగిన పొలుసు తీసి అందులో వేశారు.

"వీడ్కోలు సభలో వాడికివ్వు విల్మా. ఇన్నేళ్ళూ వాడి పర్సులో పొలుసే పెట్టుకోలేదట, ఎతెల్కా చెప్పింది. అట్లా ఉంటే ఎట్లా?"

"మీరే ఇవ్వరాదూ, గాష్పార్ బాబాయ్?"

"నాకు ఏడుపొస్తుంది." ఆయన కవరు అంటించి బల్ల మీద పెట్టారు. "ఆలస్యంగా మాట్లాడాడు వెధవ. కానీ అంత మందిలో మాట్లాడింది వాడొక్కడే. పులుసు నేనే కాస్తానని చెప్పు. నడిమి చేపతోనే."

ఈ సంచిక మీ చేతుల్లోకి వచ్చేసరికి ఆ కవరు కొర్నేల్ గారి చేతికి అంది ఉంటుంది. కాగు రేవులో పొయ్యి మీదికెక్కి ఉంటుంది. అక్కడ నిలబడిన ముసలాయన ఈసారి నీళ్ళ వైపు తిరగరు. శ్రీ హయ్దు కొర్నేల్ గారు శ్రీమతి ఎతెల్కా గారితో కలిసి ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో చిరకాలం వర్ధిల్లాలనీ, వారి పడవ కారకుండా, పర్సు ఖాళీ కాకుండా, గుమ్మంలోకి ప్రతి పండగకూ ఆ గిన్నె వస్తూ ఉండాలనీ సంఘం తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఇక చదవడం ఆపి రేవుకు వెళ్ళండి కొర్నేల్ గారూ, మీ బాబాయి పిలుస్తున్నారు.