మూడోసారి పోయిన లైటు

పళ్ల డాక్టరమ్మ గది. రోగిని పడుకోబెట్టే కుర్చీ ఒకటి, దాని పైన వెలగనని మొరాయిస్తున్న లైటు ఒకటి. స్టూలెక్కి నిలబడ్డ పెద్దమనిషిని వీధి మొత్తం కరెంటు బాబాయి అంటుంది. ఆ లైటు కోసం ఆయన రావడం ఈ నెలలో ఇది మూడోసారి.

“ముందు ఆ వైరు నోట్లోంచి తీయండి బాబాయ్.”

“ఊఁ... ఒక్క నిమిషం... ఆఁ, వచ్చేసింది. ఏమన్నారు డాక్టరమ్మా?”

“వైరు మీద తొడుగు పళ్లతో పీకొద్దంటున్నాను. అదీ పళ్ల డాక్టరు ఎదురుగా.”

“ఇదేమన్నా కొత్తా? ఇరవై రెండేళ్లుగా ఇంతే. చేతులు రెండూ పైన ఇరుక్కుపోతాయి. మూడో చెయ్యి ఎక్కణ్ణించి తేను?”

“తొడుగు ఒలిచే పనిముట్టు ఉంటుందిగా?”

“ఉంటుంది. అది సంచిలో ఉంది. సంచి కింద ఉంది. నేను పైన ఉన్నాను.”

“ఇదుగో, అందుకోండి. మీ ముందు పంటికి గాడి పడింది, ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నారా?”

“ఆ గాడి నాకు పనికొస్తుందమ్మా. వైరు అందులో సరిగ్గా కూర్చుంటుంది. లావు వైరో సన్న వైరో కూడా చూడకుండానే చెప్పేస్తాను.”

“పన్ను మీద గట్టి పొర ఒకటి ఉంటుంది బాబాయ్. అది అరిగిందంటే మళ్లీ రాదు. గోరైతే పెరుగుతుంది, జుట్టయితే పెరుగుతుంది...”

“జుట్టు సంగతి నా దగ్గర ఎందుకులెండి.”

“సరే, లైటు సంగతే చెప్పండి. నెలలో మూడుసార్లు పోయింది. పదింటికి ఒకాయన వస్తాడు, చీకట్లో ఆయన నోరు తడుముకోమంటారా?”

“అయిపోయింది, అయిపోయింది. ఇదుగో, ఇక్కడే. స్క్రూ వదులైంది. వైరు జారిపోయి... విచిత్రంగా ఉందే.”

“ఏం విచిత్రం?”

“ఏం లేదు.”

“ఏదో ఉంది.”

“ఏం లేదంటున్నాగా. పోయినసారి గట్టిగా బిగించాను, అదీ సంగతి.”

“పోయినసారి గట్టిగా బిగించారా. మరి అంతకుముందుసారో?”

“అంతకుముందూ... గట్టిగానే. ఆ నల్ల టేపు ఇలా ఇవ్వండి.”

“టేపుతో పాటు కత్తెర కూడా ఇస్తున్నాను. పళ్లతో తెంపకూడదు. ఆ నోట్లో ఉన్నవేంటి?”

“మ్‌.”

“స్క్రూలు. స్క్రూలు నోట్లో పెట్టుకున్నారు. ఉమ్మేయండి, ఇదుగో నా చేతిలో. రేపు ఒకటి మింగితే?”

“ఇన్నేళ్లలో మింగలేదమ్మా. ఒక్కటే.”

“ఒక్కటి మింగారా?”

“చిన్నది. దాని దారిన అదే పోయింది. అన్నీ నాకే చెబుతున్నారు, మరి మీ జేబులో ఆ పెన్ను మూత చూసుకున్నారా? ఎలక కొరికినట్టుంది.”

“అది మా చెల్లెలి పెన్ను.”

“చెల్లెలుగారూ పళ్ల డాక్టరేనా?”

“కాదు, బ్యాంకులో చేస్తుంది.”

“మరి పెన్ను మీద పన్ను బొమ్మ ఉందేం?”

“...సరే. నాదే. ఫోన్లో ఎవరైనా సోది పెడుతుంటే తెలీకుండానే కొరికేస్తాను. మానేస్తున్నాను. రెండు నెలల నుంచీ మానేస్తూనే ఉన్నాను.”

“అలా రండి దారికి.”

“నవ్వకండి. నేను చేసినా తప్పే. పెన్ను మూతలు, గోళ్లు, ఐసుముక్కలు, గట్టివేవైనా సరే, కొరికితే పన్ను చిట్లుతుంది. చిట్లింది కంటికి కనపడదు, నొప్పి వచ్చాకే తెలుస్తుంది. దిగండి, చెమటలు కారుతున్నాయి. మంచినీళ్లు తాగండి.”

“ఫ్రిజ్‌లోవా?”

“అవును.”

“వద్దులెండి.”

“ఎండలో పడి వచ్చారు. తాగండి.”

“చల్లనివి పడటం లేదమ్మా.”

“ఎప్పట్నుంచి?”

“గొంతు. గొంతు కొంచెం నొప్పి.”

“గొంతు నొప్పయితే చెయ్యి బుగ్గ మీదికి పోతోందేం?”

“దోమ.”

“పోయినసారి కూడా దోమేనా? అప్పుడూ కుడి బుగ్గే పట్టుకున్నారు.”

“మీ గదిలో దోమలున్నాయమ్మా. చూసుకోవాలి.”

“పోయినసారి అరగంట ఆ కుర్చీ వంకే చూస్తూ నిలబడ్డారు. చేతిగుడ్డతో దాన్ని తుడిచారు కూడా. మా స్నేహితుడొకడికి పన్ను పీకాలి, బాగా నొప్పి పుడుతుందా అని అడిగారు.”

“స్నేహితుడే. ఉన్నాడు. పంపులు బాగుచేస్తాడు.”

“ఎలా ఉన్నాడు పాపం?”

“తినలేకపోతున్నాడు. పాలల్లో బ్రెడ్డు నానబెట్టుకుని ఎడమవైపుతో మింగుతున్నాడు. మూడు వారాలైంది.”

“మందేమైనా వేశాడా?”

“నొప్పి బిళ్ల ఒకటి తెచ్చి, పంటి పక్కన అదిమిపెట్టి పడుకున్నాడు.”

“అయ్యో. బిళ్ల మింగాలి గాని చిగురు మీద పెడతారా? కాలిపోతుంది.”

“కాలింది. తెల్లగా పొక్కిందట.”

“పొద్దున్నే పళ్లు ఎలా తోముతాడు?”

“బలంగా తోముతాడు. మురికి పోవాలి కదా. పదిహేను రోజులకే బ్రష్షు చీపురులా విచ్చుకుంటుందని వాళ్లావిడ గోల.”

“అంటు గిన్నెల్లా తోమితే చిగుళ్లు కిందికి జారిపోతాయి. మెత్తటి బ్రష్షు పట్టుకుని, నెమ్మదిగా, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తోమమనండి. ఇంకా ఏం అలవాట్లున్నాయి మీ స్నేహితుడికి?”

“పనిలో ఉంటే రోజంతా నిమ్మసోడా. ఒకటే సీసా, గుక్క గుక్కా సాయంత్రం దాకా. కానీ వాడు శుభ్రమైన మనిషమ్మా, తాగిన వెంటనే బ్రష్షు వేసేస్తాడు.”

“అదే చెయ్యకూడదు. పులుపు తగిలాక పన్ను పైపొర మెత్తబడి ఉంటుంది. ఆ మెత్తదనంలో రుద్దితే ఉన్నది కాస్తా పోతుంది. తాగితే ఒకేసారి తాగేసి, మంచినీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగాక తోముకోవాలి. అది సరే, సోడా మూత ఎలా తీస్తాడు?”

“మూత తీసేది ఉంటుంది కదా.”

“సంచిలోనా?”

“...సంచి కింద ఉంటుంది డాక్టరమ్మా.”

“అంటే దవడ పంటితో లాగుతాడు.”

“ఒక్క లాగు. చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. చుట్టుపక్కల ఎవరింట్లో విందు జరిగినా సీసాలన్నీ వాడి దగ్గరికే తెచ్చేవాళ్లు. అదో గొప్ప. ఆ ఆఖరి సీసాకి మాత్రం టక్కుమని శబ్దం వచ్చింది. మూతదనుకున్నాను.”

“అనుకున్నాడు.”

“ఆఁ. వాడనుకున్నాడు.”

“బాబాయ్, మీ అమ్మాయి ఎలా ఉంది?”

“దానికేం, చిచ్చరపిడుగు. మూడో తరగతి. మొన్న ఏం చేసిందనుకున్నారు, సోడా సీసా తీసుకుని పళ్లతో మూత లాగబోయింది. నేను చూసేసరికి నోట్లో ఉంది. ఎన్నోసార్లు షాకు కొట్టింది గాని నాకంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. లాక్కుని అరిచాను. నాన్న చేస్తే తప్పు లేదా అంది.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను, ఆ అరుపుకే నొప్పి లేచి బుగ్గ పట్టుకుని కూర్చున్నాను.”

“నొప్పి ఎవరికి?”

“మా స్నేహితుడికి.”

“బాబాయ్.”

“సీసా మూత తగిలి కొంచెం...”

“పంపుల స్నేహితుడు ఎక్కడున్నాడు?”

“లేడమ్మా. పంపులవాడు ఉన్నాడు గాని వాడి పళ్లు శుభ్రంగా ఉన్నాయి.”

“స్తంభాలెక్కుతారు, మేడల మీద వేలాడుతూ వైర్లు లాగుతారు. ఈ కుర్చీకి భయపడతారా?”

“స్తంభం నా నోట్లో సూది పొడవదు కదమ్మా. కరెంటు సంగతి నాకు తెలుసు. ఎక్కడ ముట్టుకోవాలో, ఎక్కడ ముట్టుకోకూడదో తెలుసు. ఆ కుర్చీలో పడుకుంటే నాకేమీ తెలీదు. నోరు తెరిచి, కళ్లు మూసుకుని, ఎదుటివాళ్లు ఏం చేస్తే అది. నా వల్ల కాదు.”

“చెప్పి చేస్తాను. చెయ్యి ఎత్తితే ఆపేస్తాను. ఇవాళ చూస్తే ఆ పన్ను నిలబడుతుంది. వదిలేశారో, చీము దవడలోకి పాకుతుంది. అప్పుడు పీకడం ఒక్కటే మిగులుతుంది. బుగ్గ అప్పుడే ఉబ్బుతోంది.”

“ఆదివారం వస్తాను.”

“ఆదివారం సెలవు.”

“అందుకే.”

“ముందు లైటు వేసి చూపించండి.”

“ఇదుగో. వెలిగింది. పట్టపగల్లా లేదూ?”

“వెలుతురు ఎక్కడ పడుతోందో చూడాలి. నేను నిలబడితే తెలీదు, ఎవరైనా కూర్చోవాలి. కూర్చోండి.”

“నేనెందుకు, స్టూలు పెట్టి చూద్దాం.”

“స్టూలుకి నోరుందా?”

“డాక్టరమ్మా, పదింటికి ఎవరో వస్తారన్నారు.”

“వచ్చినప్పుడు చూసుకుంటాను. కూర్చోండి. లైటు కోసమే.”

“లైటు కోసమే కదా.”

“లైటు కోసమే.”

“ఇదుగో, కూర్చున్నాను. వెలుతురు బాగా పడుతోంది. లేస్తున్నాను. ఇదేంటి, వెనక్కి పోతోంది.”

“వాలుతుంది. వాలే కుర్చీ కదా. నోరు తెరవండి.”

“లైటు కోసమే అన్నారు.”

“తెరవండి బాబాయ్. ఊరికే అద్దంతో చూస్తాను. సూది లేదు, చేతులు చూడండి.”

“ఊహూఁ.”

“సరే. లేవండి. మీ ఇష్టం. నిజానికి నాకూ మనసొప్పడం లేదు. సగం పనిలో ఈ లైటు ఆరిపోతే? మీ నోట్లో పరికరం పెట్టి నేను చీకట్లో నిలబడాలా? రెండుసార్లు బాగుచేశారు, రెండుసార్లూ వారం తిరక్కుండా పోయింది. పెద్ద రోడ్డు మీద కొత్తగా ఒకబ్బాయి దుకాణం పెట్టాడట, నంబరు తీసుకున్నాను.”

“ఎవరు, ఆ కళ్లద్దాల కుర్రాడా? వాడికి కాలింగ్ బెల్లు బిగించడం రాదు.”

“బెల్లు సంగతి తెలీదు. స్క్రూ బిగిస్తాడేమో.”

“ఆ మాటనకండి డాక్టరమ్మా. ఏమన్నా అనండి, పిరికివాడనండి, పళ్లు పాడుచేసుకున్నానని తిట్టండి. పని రాదని మాత్రం అనకండి. ఈ వీధిలో నేను బిగించిన స్క్రూ వదులైందని ఎవరూ అనలేదు.”

“మరి ఇది?”

“ఇది... ఇది వేరు.”

“ఏం వేరు?”

“తలుపు వేసి ఉందా?”

“వేసే ఉంది. చెప్పండి.”

“మొదటిసారి లైటు నిజంగానే పోయింది. వచ్చాను, బాగుచేస్తున్నాను. అప్పటికే పన్ను సలుపుతోంది. మీరు కిటికీ వెలుతురులో ఎవరో పాప పన్ను చూస్తున్నారు, ఆ పాప నవ్వుతోంది. అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు. ఇంటికి పోతే మళ్లీ రాలేనని నాకు తెలుసు. పనుంటే తప్ప ఈ మెట్లెక్కే ధైర్యం లేదు. అందుకని...”

“అందుకని?”

“స్క్రూ ఒక చుట్టు తక్కువ బిగించాను. నాలుగు రోజుల్లో వైరు జారుతుంది, మీరు పిలుస్తారు, ఈసారి అడిగేద్దామని. మీరు పిలిచారు. వచ్చాను. స్నేహితుడి కథ చెప్పి పారిపోయాను.”

“అంటే నా లైటు మీరే పాడుచేశారు.”

“ఒక్కసారే. దేనిమీద ఒట్టెయ్యమంటే దానిమీద ఒట్టేస్తాను, ఒక్కసారే. ఆ రోజు లైటు లేక మీరు ఇద్దర్ని వెనక్కి పంపారని తెలిసింది. సిగ్గేసింది. నా పన్ను ఏమైపోతే పోనీ అనుకుని రెండోసారి గట్టిగా, స్క్రూ అరిగిపోయేంత గట్టిగా బిగించాను. అది ఊడదు డాక్టరమ్మా. నేను బిగిస్తే ఊడదు. ఇవాళ మళ్లీ ఎలా వదులైందో ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. నా చేతిలో పని పోయిందేమోనని పొద్దుట్నుంచీ అదే దిగులు.”

“మీ చేతిలో పని ఎక్కడికీ పోలేదు. వెనక్కి వాలండి.”

“మరి ఆ స్క్రూ?”

“చాలా గట్టిగా ఉంది బాబాయ్, అరచెయ్యి ఎర్రబడిపోయింది. నిన్న సాయంత్రం మెయిను ఆపి, మీ స్టూలంత స్టూలెక్కి దాన్ని వదులు చేస్తూ, ఇంత గొప్ప ఉపాయం నా ఒక్కదానికే తట్టిందని మురిసిపోయాను.”