కాపలాదార్ల మేత

ఛీ ఛీ ఛీ! ఆ తీసివేత ఉత్తరం మీద సంతకం పెట్టే ముందు ఒక్క మాట విను బామ్మర్దీ. నువ్వు మేనేజరువి, నేను నీ కింద సర్వర్ చూసుకునేవాణ్ణి, ఒప్పుకుంటా. కానీ మీ అక్కని కట్టుకున్నవాణ్ణి, ఆ మాత్రం చనువు లేదా నాకు? పెన్ను కింద పెట్టు.

కళ్లజోడమ్మాయిని తీసేస్తావా? బస్సు టికెట్ల ప్రోగ్రాం ఆ పిల్ల రాసింది కాబట్టి, కౌంటర్లో తెర బిగుసుకుపోతే తప్పూ ఆ పిల్లదేనా? బాగుందయ్యా న్యాయం! అవతల గదిలో ముక్కు ఎగబీలుస్తూ సంచీ సర్దుకుంటోంది, చూశావా?

ఏమన్నావు? సర్వర్ మీద బరువు చూపే గ్రాఫులో అంతా పచ్చగానే ఉందా? ఎందుకుండదూ! అది గంట మొత్తానికి సగటు. కాసేపు ఊపిరాడక కొట్టుకుని, ఆ తర్వాత గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే సగటు పచ్చగానే ఉంటుంది మరి. కౌంటర్ ముందు మనిషి సగటున నిలబడతాడా? వాడి బస్సు సగటున వెళ్లిపోతుందా?

సర్వర్‌కి బుర్ర అంటే ఆ సీపీయూనే కదా. టికెట్లు కొట్టాల్సిన బుర్ర చుట్టూ ఎంతమంది కాపలా పెట్టారో తెలుసా? వేడి చూసే జాబు, అదే, తనంతట తనే లేచి తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాం, నీది. డిస్కు కొలిచేది ఆడిటరుది. ప్రతి ఫైలూ విప్పి వాసన చూసేది సెక్యూరిటీవాడిది. ఓనరుగారి అల్లుడి ఫోన్లో గీతలు గీసేది ఇంకోటి. అన్నీ అయిదు నిమిషాలకోసారి, అదీ ఒకే క్షణాన లేస్తాయి! ఒకడిని చూసి ఇంకొకడు అదే టైము పెట్టి చచ్చాడు.

జ్వరం చూడ్డానికొచ్చినవాళ్లంతా ఒక్కసారే రోగి గుండెల మీదెక్కి కూర్చున్నట్టుంది. బిగుసుకోక ఏం చేస్తుంది? బిగుసుకుంది కదా అని ఇంకో కాపలా! థూ!

నమ్మవా? ఇవాళ పొద్దున ఆ జాబులన్నీ ఆపేశాను. అవును, అన్నీ. ఓ అరగంట. టికెట్లు జలజలా రాలాయి. కౌంటరావిడ "బాబాయిగారూ, కొత్త మిషనొచ్చిందా?" అని ఒకటే కేక. ప్రోగ్రాం అదే, పిల్లా అదే!

తర్వాత ఒక్కోదాన్నీ లేపాను. విడిగా అయితే చిన్న తుమ్ము, అంతే. అన్నీ కలిపి లేపానో లేదో, మళ్లీ బిగుసుకుంది. టైములు కాస్త అటూ ఇటూ జరిపి, ఆ ఫైళ్లు విప్పేదాన్ని బస్సుల్లేని వేళకి తోసేస్తే చాలు బామ్మర్దీ.

ఏమిటా చూపు?

అరగంట సేపు సర్వర్‌ని ఎవరూ చూడలేదనా? ఓహో, ఇంత చెబితే నీకు అర్థమైంది అదా! అల్లుడుగారి ఫోన్లో గీత తెగిపోయిందా? పొద్దున్నుంచీ నిన్ను తిడుతున్నాడా? ఎవరు ఆపారో పేరు కావాలన్నాడా?

అయ్యో నా బామ్మర్దీ! బస్సు తప్పినవాళ్లు గొంతు చించుకుంటే వినపడలేదు, గీత తెగితే మాత్రం కొంప మునిగింది!

అయితే నా పేరే చెప్పు. ఇంకా ముచ్చటగా, ఆ ఉత్తరంలో పిల్ల పేరు కొట్టేసి నాది రాయి.

ఇదేంటి... నిజంగానే కొట్టేస్తున్నావా? మాటవరసకి అన్నాను బామ్మర్దీ!

హుఁ. రాయి, రాయి. ఆ పిల్లతో మాత్రం సంచీ దింపుకోమని చెప్పు, పాపం.

భోజనానికి ఇంటికొస్తానన్నావుగా, రా. మీ అక్కకి నువ్వే చెప్పుకో.