చీటీ వెనక మొదటి మాట

రండర్రా, ఇలా దగ్గరికి రండి. గుమ్మంలో కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు తగులుతాయి, చాప మీదికి జరగండి. ఏమ్మా, నీ చేతిలో ఆ కాగితమేమిటి? చెయ్యాల్సిన పనుల పట్టికా? ఏదీ, చూడనీ. ఒకటీ, రెండూ, మూడూ... ఇరవై ఆరు. చుట్టూ పువ్వుల అంచు కూడా వేశావు, ముచ్చటగా ఉంది. ఇందులో ఎన్ని అయ్యాయి? ఒక్కటీ కాలేదా? దానికి తల దించుకోవడం దేనికి? నీకంటే ముందు ఒకాయన నలభై ఒకటి రాశాడు. మిడతయ్య సంగతి మీకెప్పుడూ చెప్పలేదు కదూ? మీరు పుట్టకముందే పోయాడులే. కదలకుండా కూర్చుంటే చెబుతాను. కదిలినా చెబుతాననుకోండి, మిడతయ్య కథకి కదలకుండా కూర్చోమనడం నాకే బాగోదు.

కళ్ళజోళ్ళ షాపులో పనివాడు. షాపంటే పెద్దదేం కాదు. ముందుగదిలో గోడకి అక్షరాల అట్ట, దానికెదురుగా ఓ కుర్చీ. వెనకగదిలో అద్దాలు అరగదీసే సానరాయి, దాని కింద నీళ్ళ పళ్ళెం, కిటికీ పక్కన ఓ బల్ల. ఆ బల్ల ఆయనది. చేతిలో పనితనం ఎంతుందంటే, బియ్యపు గింజలో సగం ఉండే మరమేకుని చూడకుండా బిగించేవాడు. బుద్ధే, ఒకచోట నిలిచేది కాదు. అద్దం సానరాయికి ఆనిస్తాడా, ఇంతలో కిటికీ రెక్క కిర్రుమంటుంది. దానికి నూనె వేద్దామని లేస్తాడా, నూనె సీసా మూత బిగుసుకుపోయి ఉంటుంది. మధ్యాహ్నానికి మూత భేషుగ్గా వచ్చేది. కిటికీ కిర్రుమంటూనే ఉండేది, అద్దం నీళ్ళలోనే ఉండేది. మిడత అనే పేరు అలా వచ్చింది. వయసు మీద పడ్డాక గౌరవానికి చివర అయ్య తగిలించారు.

అలాంటివాడు ఓసారి బస్సు డ్రైవరు కళ్ళజోడు చేశాడు. ఆ డ్రైవరుకి ఒక్కో కన్ను ఒక్కో తీరు. మిడతయ్య కుడి అద్దం అరగదీసి, వీధిలో ఎవరో పోట్లాడుకుంటున్నారని చూడ్డానికి వెళ్ళి, తిరిగొచ్చి దాన్ని ఎడమవైపు బిగించాడు. డ్రైవరు అది పెట్టుకుని షాపు మెట్లు దిగబోతే, ఉన్నవి మూడు మెట్లు, ఆయనకి కనిపించినవి అయిదు. తిన్నగా వెళ్ళి ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్లలో పడ్డాడు, అద్దాలు రెండూ పగిలాయి. ఆవిడ చీపురుతో వచ్చింది. అది వేరే కథ.

డ్రైవరు నిజంగా ఏడ్చినంత పని చేశాడు. "శనివారం డిపోలో కళ్ళ పరీక్షండీ. తప్పితే స్టీరింగు లాగేసి నన్ను బస్సులు కడగడానికి పెడతారు. ఇరవయ్యేళ్ళు నడిపినవాణ్ణి" అన్నాడు. షాపు యజమాని చెడ్డవాడేం కాదు, గొంతే రేకు గీకినట్టుండేది. మిడతయ్యని లోపలికి పిలిచి, "ఇవాళ బుధవారం. శనివారం పొద్దున ఆయన జోడు ఆయన ముక్కు మీద సరిగ్గా ఉంటే ఈ బల్ల నీది. లేదా, సోమవారం దీని ముందు ఇంకొకరు కూర్చుంటారు" అన్నాడు. ఆ బల్ల పోతే ఈయనకింకో పని రాదు.

ఇంట్లో ఈయనా, వాళ్ళక్కా, అంతే. అమ్మ పోయాక పెంచింది ఆవిడే. టైలరు షాపు వాళ్ళకి చొక్కాలకి కాజాలు కుట్టేది. రోజూ పొద్దున ఈయన పనికెళ్ళేముందు పది సూదుల్లో దారం ఎక్కించి, దిండుకి వరసగా గుచ్చి వెళ్ళాలి. అది ఇద్దరికీ అలవాటు. సంగతంతా విని ఆవిడ, "చెయ్యాల్సింది రాసుకోరా" అంది. రాసుకోమంటే ఈయన ఏం చేశాడు? గురువారం స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఎర్రపెన్సిలూ నీలంపెన్సిలూ తెచ్చి, నలభై ఒక్క పనులు రాశాడు. అందులో పదిహేడోది, ఈ పట్టికని ఇంకోసారి శుభ్రంగా రాయాలి. నవ్వకండి, మన దగ్గర పువ్వుల అంచున్నవాళ్ళు కూడా ఉన్నారు. అద్దం మాత్రం ముట్టుకోలేదు.

సాయంత్రం అక్క ఆ పట్టికని చూసి పక్కన పెట్టేసింది. బొత్తాలొచ్చిన అట్టముక్క ఒకటి చింపి, మూడంటే మూడు వరసలు రాసింది. డ్రైవరు కుడి. డ్రైవరు ఎడమ. బిగించడం. ఒక్కో అక్షరం బొటనవేలంత.

"ఇంత పెద్దగానా అక్కా?"

"నీ బుర్రకి ఆ మాత్రం ఉండాలిలే. ఒకటి కొట్టేశాకే రెండోదాని మొహం చూడు."

"మరి మధ్యలో ఇంకోటేదైనా గుర్తొస్తే?"

"వెనక రాయి. రాసి వదిలెయ్, చెయ్యకు."

అప్పుడు చూశాడు, ఆవిడ ఆ చీటీని చెయ్యంత దూరాన పట్టుకుని చదువుతోంది. "అక్కా, నీ కళ్ళు ఓసారి చూడాలే. లే, షాపు తాళం నా దగ్గరే ఉంది" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు. "అదిగో, అప్పుడే గెంతావు. కూర్చో. అది కూడా వెనకే" అంది. సరేనని వెనక్కి తిప్పి, మొదటి మాట రాసుకున్నాడు. అక్క కళ్ళు, అని.

శుక్రవారం చీటీని నూనె సీసాకి ఆనించి కూర్చున్నాడు. కిటికీ కిర్రుమంది. వెనక రాశాడు, కిటికీ. టీచరమ్మ కళ్ళజోడు కాడ విరిగిందని వచ్చింది. వెనక రాశాడు, టీచరమ్మ కాడ. వీధిలో మళ్ళీ పోట్లాట. కాలు దానంతటదే లేస్తుంటే రెండో కాలు మెలేసి ఆపాడు గానీ లేవలేదు. కుడి అయింది, కొట్టేశాడు. ఎడమ సగంలో ఉండగా యజమాని స్వయంగా వచ్చి, "ఒరేయ్, ఈ గొడుగు ఊచ ఊడింది, కాస్త చూడు" అన్నాడు.

"రాశానండి."

"ఏం రాశావు?"

"మీ గొడుగని. వెనక, తొమ్మిదోది."

"నన్ను తొమ్మిదోవాడిగా రాస్తావురా?"

"మిమ్మల్ని కాదండీ, గొడుగుని."

యజమాని చీటీని చూసి, తిరుగుతున్న సానరాయిని చూసి, గొడుగుతోనే వెళ్ళిపోయాడు. గొడుగు సగం తెరుచుకుని ఉంది కదా, గుమ్మం పట్టక పక్కకి తిరిగి వెళ్ళాల్సొచ్చింది. శనివారం డిపోలో డ్రైవరు అట్ట మీది అక్షరాలన్నీ చదివేసి, అడుగున చీమల్లా ఉన్న అచ్చాఫీసు పేరు కూడా చదివితే, "అది చదవమన్లేదు, ఇక వెళ్ళు" అన్నారట. బల్ల మిడతయ్యకే మిగిలింది.

కథ అయిపోలేదు, లేవకండి. ఆ తర్వాత పదకొండేళ్ళు అదే పద్ధతి. ముందువైపు ఆయన చెబితే అక్క రాసేది. వెనకవైపు ఆయన రాసుకునేవాడు. కానివి ఏ రోజుకారోజు కొత్త చీటీ వెనక్కి ఎక్కేవి. కిటికీ కొట్టేశాడు, గొడుగు కొట్టేశాడు. మొదటి మాట మాత్రం చీటీ మారినప్పుడల్లా దాంతోపాటు మారుతూనే ఉంది. ముందువైపు రాసే చెయ్యి ఆవిడది. ఆవిడ తన పేరు రాసుకుంటుందా? దిండు మీద సూదులు పదికాస్తా ఇరవయ్యయ్యాయి. అక్షరాలు ఇంకా లావయ్యాయి. ఈయన రోజూ చూసేవాడు, ఊరందరి కళ్ళూ చూసేవాడు, ఇది మాత్రం తనకోసమే పెద్దగా రాస్తోందనుకునేవాడు.

ఓ రోజు షాపులో చీటీ తీస్తే, మొదటి వరస మీదే రెండో వరస రాసి ఉంది. ఒకదాని మీద ఒకటి, ఏదీ తెలియకుండా. తప్పుగా పట్టుకున్నానేమోనని వెనక్కి తిప్పాడు. అక్క కళ్ళు. చాలాసేపు కూర్చుండిపోయాడట. అంతసేపు కదలకుండా ఆయన కూర్చోవడం షాపులో ఎవరూ చూడలేదు. తర్వాత ఇంకో అట్టముక్క తీసుకుని, ముందువైపు తన చేత్తో ఒకే పని రాసుకుని లేచాడు.

"పట్టపగలు ఎక్కడికిరా?" అన్నాడు యజమాని.

"మొదటి పనండీ."

ఇంటికెళ్ళి అక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అక్షరాల అట్ట ముందు కూర్చోబెట్టాడు. రెండో వరస దాటాక ఆవిడ, "ఇక్కణ్ణించి అచ్చు సరిగ్గా పడలేదురా, మీ యజమానికి చెప్పు" అంది. ఆ పూటే అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి, తనే పెట్టాడు. ఆవిడ మొదట బల్ల మీది తన చీటీని చూసి, "ఇంత లావు అక్షరాలు రాసిందెవరు, అట్ట దండగ" అంది. తర్వాత తలెత్తి తమ్ముణ్ణి చూసింది.

"ఏరా, నీకీ జుట్టెప్పుడు నెరిసింది?" అంది.

...

ఆఁ. ఏమన్నాడా? చీటీ తిప్పి, వెనకున్న మొదటి మాట కొట్టేశాడమ్మా. సరే, ఇక లేవండి, మీ ఇళ్ళల్లో పిలుస్తున్నారు. నీ కాగితం ఇలా ఇవ్వు. ఈ ఇరవై ఆరూ వెనకవైపనుకో. ముందువైపు ఒకటి రాస్తున్నాను, చదువు. అన్నం. అదే. పోండి, ముందు అది తిని రండి.