పులుసు ఎతుక్కుంటూ దీవికెల్లిన కొర్లమ్మ

కొర్లమ్మని ఒక మడిసుండీది. మన పేటే, మీరెవరూ పుట్టకముందు సంగతనుకో. ఆవిడ మొగుడు దానేసు. ఈ దానేసు పెళ్లయిన ఏడాదికే ఓడెక్కీసి, అండమాను అవతలెక్కడో సిన్న దీవికి సేపల యాట పనికెల్లిపోనాడంట. ఆ దీవి పేరు నాకు నోరు తిరగదు, అడక్కండి. ఆరేళ్లున్నాడక్కడ. ఆరేళ్లకి తిరిగొచ్చినాడు, నల్లగా బక్కగా అయిపోనాడు గానీ నవ్వు మాత్రం అదే నవ్వు. కొర్లమ్మ సంబరం ఏం సెప్పమంటావు. ఆ పూటే తాజా కానాగంత సేపలు తెచ్చి, సింతపండు పిసికి, మట్టికుండలో పులుసు పెట్టింది. ఆవిడ పులుసు ఉడుకుతుంటే ఆ ఈదిలో ఎవులికీ పని సాగీది కాదంట. దానేసు ఓ ముద్ద తిన్నాడు, రెండో ముద్ద తిన్నాడు. తిని ఏటన్నాడంటే, "బాగుందే. అయితే దీవిలో తిన్న పులుసులాగ నేదు" అన్నాడంట. అనీసి సెయ్యి కడుక్కుని, బీడీ ముట్టించుకుని అరుగు మీదికెల్లిపోనాడు.

అన్నోడికేటి, అనీసి పోతాడు. అనిపించుకున్నదానికి కదా మండుద్ది. దీవిలో నీకు పులుసు పెట్టిందెవర్తిరా అని అడగాలని కొర్లమ్మకి నోటి దాకా ఒచ్చింది. అడగలేదు. అడిగితే ఏ పేరు సెప్తాడో అని బయ్యం. అడక్కుండా ఏటి సేసిందంటే, మర్నాటి నుంచి పులుసు పెట్టడం మానీసింది. ఏపుడు సేసీది, ఇగురు సేసీది, ఎండుసేపలు వంకాయల్లో ఏసి వండీది, పులుసు మాత్రం నేదు. ఆడు అడిగీవోడు, "ఏటే, పులుసు పెట్టవేటి" అని. సింతపండు నేదనీది. మన పేటలో సింతపండు నేని ఇల్లుంటాదేటమ్మా? ఆడికీ తెలిసిపోయింది, ఇంక అడగడం మానీసినాడు. అలగ ఒకేడు కాదు, రెండేళ్లు కాదు, పద్దెనిమిదేళ్లు. మిగతాదంతా బాగానే ఉండీవోరు, నవ్వుకునీవోరు, తగువులాడుకునీవోరు. కుండలో పులుసొక్కటే నేదు. ఆకరికి ఓ వానాకాలం జరమొచ్చి దానేసు సచ్చిపోనాడు. పులుసు తినకుండానే పోనాడు. ఓలె సూరీడమ్మా, కత ఇంటూ ఇంటూ ఆ సేపలు తిరగెయ్యవే, ఒక పక్కే ఎండుతున్నాయి.

ఆ, ఏమైందంటే. దానేసు సెల్లెలు రాజులమ్మ కూతుర్ని ఆ దీవుల్లోనే ఇచ్చినారు. రాజులమ్మ కూతుర్ని సూడ్డానికెల్తంటే కొర్లమ్మ నానూ ఒస్తానని మూట కట్టీసింది. "నీకెందుకొదినా ఈ వయసులో" అందంట రాజులమ్మ. "మీ అన్నకి పులుసెట్టినదాని మొకం ఒక్కసారి సూడాలే" అంది ఈవిడ. "మడిసే పోనాక ఇంకా అదేనా" అని రాజులమ్మ నెత్తి కొట్టుకుంది గానీ తీసుకెల్లింది. ఇశాపట్నంలో ఓడెక్కినారు. సేపలోల్ల ఆడది, పుట్టి బుద్దెరిగిన్నుంచి సంద్రం సూసింది, మూడు రోజులూ కక్కుతూనే ఉందంట.

పెద్ద దీవిలో దిగి, రాజులమ్మ కూతురి మొకం సూసుకుని, పడవెక్కి ఆ సిన్న దీవికెల్లినారు. ఎల్లగానే కొర్లమ్మ, దారి తప్పి ఎనక్కొచ్చీసినామేటి అనుకుంది. ఎందుకంటే, మనూరిలాగే ఉంది. అదే ఇసక, అవే మొగలి డొంకలు, బోర్లించిన పడవలు. ఆ దీవి మడుసులు నెమ్మదస్తులు. ఎవరు నువ్వని అడగరంట, ముందు బొండాం కొట్టి సేతిలో పెడతారు. మనోల్లు శానాకాలం యాటకెల్లిన సోటు కదా, ముక్కలు ముక్కలుగా తెలుగొచ్చు ఆలకి. దానేసు పెళ్లాం ఒచ్చిందని తెలిసీసరికి, మా ఇంటికి రా అంటే మా ఇంటికి రా అన్నారు. కొర్లమ్మకి కావలసిందీ అదే. ఇల్లిల్లూ ఎల్లడం, తినడం, వండినదాని మొకం సూడ్డం. ఈవిడేనా? కాదు, ఈవిడ అప్పటికి సిన్నపిల్ల. ఈవిడా? పళ్లెత్తు, ఆడికి నచ్చదు. రాజులమ్మ పక్క నుంచి, "ఏటొదినా, పెళ్లిసూపులకొచ్చినావా" అని ఎటకారం.

తిండి సంగతి సెప్పాలి మీకు. మనకి మొగలిపువ్వు జడలోకి, కాయేమో పిట్టలకి, కదా? ఆ దీవోల్లు ఆ కాయనే ఉడకబెట్టి, గుజ్జు గీకి, ముద్ద సేసి పెడతారంట. సిలగడదుంపలాగ తియ్యగా ఉందంట. ఇంకో ఇంట్లో సీమపనసకాయ నిప్పుల్లో కాల్సి పెట్టినారు, మరో ఇంట్లో సేపని ఆకులో సుట్టి కాల్సినారు, ఉప్పు తప్ప ఏటీ నేదు, అయినా ఎముక దాకా నాకింది కొర్లమ్మ. కోపంగా ఎల్లిన మడిసికి తిండి బాగుంటే ఇంకా కోపమొస్తాది కదేటి. ప్రతీ ఇంట్లోనూ తినీముందు, మొదటి ముద్ద ఆకు మీద పెట్టి పొయ్యి పక్కనెట్టి, ఏదో పేరు సెప్పీవోరంట. ఆల దేవుడు కాబోలని కొర్లమ్మ దణ్ణం పెట్టీది.

తింటుంటే దానేసు మాటలు సెప్పీవోరు ఆలు. ఇదిగో ఈ పాకలోనే పడుకునీవోడు, మా పిల్లలకి వల అల్లడం నేర్పినాడు, ఈ రాయి మీద కూకుని మీ ఊరివేపు సూసీవోడు అని. కొర్లమ్మ ఎల్లి ఆ రాయి మీద కూకుంది. కూకుంటే, ఆ ఆరేళ్లూ తను ఇటు ఒడ్డున కూకుని, ఒచ్చిన తెరసాపకల్లా సెయ్యి అడ్డం పెట్టుకుని సూడ్డం గుర్తొచ్చింది. ఆడు ఓడెక్కినప్పుడు ఆవిడకి పంతొమ్మిదేళ్లు.

ఆకరికి మార్తా అని ఒక ముసల్దాని ఇల్లు. "పులుసు తింటావా" అని ఆ ముసల్దే అడిగింది. కొర్లమ్మ నడుం బిగించింది. దొరికిందిరా అనుకుంది. పొయ్యి దగ్గరే సతికిలబడి కళ్లు ఆర్పకుండా సూస్తంది. మార్తా ఏటి సేసిందంటే, ఉల్లిపాయలు తీసి నిప్పుల్లో పడేసింది. కాలినాక తొక్క ఊదీసి, మెంతులూ మిరపకాయలూ ఏసి నూరింది. కొర్లమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. ఉల్లిపాయ కాల్సి నూరడం తన ఇంటి పద్దతి, మన పేటలో ఇంకో గడపకి తెల్దు. సింతపండుకి బదులు ఏదో పుల్లకాయ ఏసింది, దించీముందు కొబ్బరిపాలు పోసింది. "ఇదెవరు నేర్పినారు నీకు" అనడిగింది కొర్లమ్మ. "ఉండు, తినీముందు ఎలాగూ సెప్పాలి" అని మార్తా మొదటి గరిటె ఆకులో పోసి, పొయ్యి పక్కనెట్టి, "కొర్లమ్మ" అంది.

ఈవిడ తన పేరు అక్కడ ఎవులికీ సెప్పనే నేదు సుమా. దానేసు పెళ్లామనే అందరూ పిలిసీవోరు. మార్తా సెప్పిందంట, "మా దీవిలో ఏ వంటకైనా, అది నేర్పిన మడిసికే మొదటి ముద్ద. ఉన్నా, పోయినా, ఎంత దూరమున్నా. దానేసుకి వండడం రాదు. నా పక్కన కూకుని, అలగ కాదు, నిప్పుల్లో కాల్సు, మా కొర్లమ్మ అలగే సేస్తాది అనీవోడు. నీకు నేర్పింది నాను కాదు, ఈ పులుసు కొర్లమ్మది అనీవోడు. అంతా వండి పెడితే తిని, బాగుంది గానీ మా ఇంటిదాని పులుసులాగ నేదు అనీవోడు. ఆరేళ్లూ అదే మాట. నాకు ఒళ్లు మండిపోయీది."

కొర్లమ్మ ఓ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. తరవాత, "పద్దెనిమిదేళ్లు ఆడికి పులుసు పెట్టలేదు తల్లీ నాను" అని ఏడ్సింది. ఏడుస్తూనే తిన్నది. మార్తా పోనీలే అనలేదు, ఊరుకో అనలేదు, ఇంకో గరిటె పోసింది.

మర్నాడు అదే పొయ్యి మీద కొర్లమ్మ పులుసు పెట్టింది. సింతపండు మూటలోనే తెచ్చుకుంది, అయినా కొబ్బరిపాలూ పోసింది. దించి, మొదటి గరిటె ఆకులో పోసి, "దానేసు" అంది. రాజులమ్మ ఊరుకుంటాదా, "అదేటొదినా, ఉల్లిపాయ కాల్సడం నీకు నేర్పింది మా యమ్మ కదా, ఆయమ్మ పేరు సెప్పవేటి" అంది. "మీ యమ్మకి రేపెడతాను లేవే. ఇయ్యాల ఆడు తిననీ" అంది కొర్లమ్మ.

అదమ్మా కత. మనకి ఆ ఆచారం నేకపోవడమే మంచిదయింది. ఉంటే, అత్తల పేరు సెప్పలేక మీలో సగంమంది పస్తులుండీవోరు. నవ్వకండి, నానూ ఆ సగంలోనే. కానైతే ఒకటి, మీ మొగుడు కూరకి వంక పెడితే మూతి ముడుసుకుని కుండ బోర్లించీకండి. ఏ ఊరి కూరరా, ఎవరు వండినార్రా అని ఆ పూటే అడిగీయండి. ఏ పేరు సెప్తే ఏటి, పులుసైతే తిని సస్తాడు కదా. లెగండింక, మబ్బేసింది, సేపలెత్తాల.