పుట్టమన్ను బాలకొండయ్య

బాలకొండయ్యకు కడుపుబ్బరం. ఏం తిన్యా గ్యాసే, ఏం తాగినా గ్యాసే. నల్లగుట్ట కింద పల్లె ఆయనది, చెనిక్కాయలు పండిచ్చుకునే మనిషి. ఎవురో చెప్తే విని, యాడనో ప్రకృతి ఆశ్రమమంట, ఆడికి పోయి కొన్నాళ్ళుండి వచ్చినాడు. పోయేటప్పుడు కడుపులో ఉండిన గ్యాసు వచ్చేటప్పటికి తలకాయకెక్కింది అనుకో. ఇంగ మనిషి చెయ్యి పడిందేదీ తాకడు. చెప్పులా? వద్దు, మనిషి చేసినాడు. సబ్బా? వద్దు. టీనీళ్ళా? రామ రామ! ప్రకృతి ఇచ్చిందే తినాల, ప్రకృతి ఇచ్చిందే పూసుకోవాల అంటాడు. ఆయన పెండ్లాం ఓబుళమ్మ ఊరికే ఉండే మనిషా? ఒకనాడు పళ్ళెంలో నాలుగు పిడికిళ్ళు వడ్లు పోసి, పక్కన పచ్చి వంకాయ పెట్టి ముందరికి తోసిందంట. ఇదేందే అన్యాడు. అన్నం వండితే నా చెయ్యి పడతాది గదయ్యా, నీకు పాపం తగిలిచ్చేది ఎందుకు, తిను అనింది. ఆయన వంకాయ కల్ల రవ్వంతసేపు చూసి, పెండ్లాము చెయ్యి మనిషి చెయ్యి కిందికి రాదులే మే, అన్నం పెట్టు అన్యాడంట. చూసినారామ్మా, ఎంత మర్యాదో!

అట్లుండగా ఏమైందంటే, ఊర్లోకి కంపెనీ సారొకాయన దిగినాడు. నల్లగుట్టలో యురేనియమని ఒక రాయి ఉండాదంట, దాన్ని తవ్వుకోని పోయి, కరెంటు తీసే కార్ఖానాకు ఇంధనం చేస్తారంట. దానికి ఊరోళ్ళు సరే అనాల. గుట్ట పోతే మేకలు యాడ మేసేది, ఊటనీళ్ళు యాడినుంచి వచ్చేది అని జనం గొణుగుతాండారు. సారు గట్టోడు. నేరుగా బాలకొండయ్య ఇంటికి పోయి, ఆయనిచ్చిన తేనెనీళ్ళు తాగి, పెద్దాయనా, ఇది మేం చేసిన వస్తువు కాదండీ, మీ తాతలు పుట్టకముందునుంచి భూమిలో ఉన్నదే, అచ్చమైన ప్రకృతి అన్యాడంట. అంతే! బాలకొండయ్య ఇల్లిల్లూ తిరగను మొదలుపెట్టె. ప్రకృతిరా, భయమేందిరా, తవ్వనీండ్రా అని ఒగటే పాట. ఓబుళమ్మ అడిగింది, రాయి భూమిదే, సరే. దాన్ని పొడిగొట్టి, మందుల్లో నానేసి, ఇంధనం చేసేదెవురు, కోతులా? మనుషులే అన్యాడు. మరి చెప్పు తోలుదే గదా, తోలు ఎద్దుదే గదా, అదెందుకు ప్రకృతి కాకపాయ? అది వేరే లెక్క మే, నీకు తెలీదు అన్యాడు. మొగోళ్ళకు జవాబు దొరక్కపోతే లెక్క వేరే అయిపోతాది, మీ ఇండ్లల్లో కూడా అంతేలే, నాకు తెలీదా!

ఇంగ ఆయన గ్యాసు పోను, ఆశ్రమంలో చెప్పినట్ల కడుపుమీద మన్నుపట్టీ ఏసుకోవాల గదా. ఊరికే మన్ను పనికిరాదు, పుట్టమన్నే కావాలంట. పొద్దున్నే చేని గట్టుకు పోయి పుట్టలో చెయ్యిపెట్టి గెలికినాడు. లోపల పింజరి పాము పండుకోనుండాది. అది ఊరుకుంటాదా? పట్టుకునింది. కేకలిన్యోళ్ళు ఉరికిపోయి సూస్తే చెయ్యి దిండు మాదిరి ఉబ్బింది. ఆస్పత్రికి పోదాం పా అంటే, వద్దు, ఆకుపసరు పూయండి, ప్రకృతి చూసుకుంటాది అంటాడంట! ఓబుళమ్మ ఆయన్ను ఎత్తి ఆటోలో పారేసింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ సూది తీసింది. అమ్మా, ఈ మందు ప్రకృతేనా? సావొచ్చి గుమ్మంలో నిలబడుంటే ఇది అడిగినాడు. పాము విషాన్నే గుర్రానికెక్కిచ్చి, గుర్రం రక్తంలోనుంచి తీస్తారు పెద్దాయనా అనింది డాక్టరమ్మ. అంటే పామూ ప్రకృతే, గుర్రమూ ప్రకృతే, తీసినోడు మాత్రం మనిషి... అని మొదలుపెట్టినాడు. ఓబుళమ్మ డాక్టరమ్మ కల్ల తిరిగి, నువ్వు పొడువు తల్లీ, ఈయన లెక్క తేల్చేలోపల ఈయనే ప్రకృతిలో కలిసిపోతాడు అనింది.

బతికినాడు. వేలొకటి పాయ. మంచంమీద పండుకోని దినమంతా ఆ చెయ్యికల్లే చూసినాడంట. సాయంత్రం మెల్లిగా, నేను పోయుంటే ఏం చేసేదానివే అన్యాడు. సబ్బుతో కడిగి సాగనంపేదాన్ని అనింది. అని, పక్కకు తిరిగి కండ్లు తుడుచుకునింది. ఆయన చూసినాడులే.

ఆ తర్వాత కంపెనీవోళ్ళు ఊర్లో మీటింగు పెట్టినారు. షామియానా, కుర్చీలు, మజ్జిగ పొట్లాలు. సారు మైకు బాలకొండయ్య చేతికిచ్చి, చెప్పండి పెద్దాయనా, మీ మాట ఊరు వింటుంది అన్యాడు. బాలకొండయ్య కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, సారు అబద్ధం చెప్పలేదప్పా, ఆ రాయి ప్రకృతే. నన్ను కరిసింది కూడా ప్రకృతే. దానిపాటికది పండుకోనుంటే గెలికింది నేను. నాకు వేలొకటే పాయ. ఊరికి ఏం పోతాదో నాకు తెలీదు, సారుకూ తెలీదు. నేను ఒప్పుకోను అన్యాడంట. సారు మొగం చూడాల! అది వేరే లెక్క పెద్దాయనా అన్యాడు. ఆడోళ్ళంతా పకపక నవ్వి లేచి, మేమూ ఒప్పుకోము అన్యారు. మొగోళ్ళు మజ్జిగ తాగినాక లేచినారు.

కంపెనీ ఊరుకునిందా? గుట్ట ఆ పక్క పల్లెకు పోయి అదే షామియానా ఏసింది. ఆడేమైతాదో చూడాల. మీరు నన్ను అడుగుతాండారు, ఇంతకీ ఆ ఇంధనం ప్రకృతా, మనిషి చేసిందా అని. నాకేం తెలుసు నాయనా! నేను చూసిందొకటే. అది ప్రకృతి అని చెప్పనీకి వచ్చినోళ్ళలో ఒక్కడు కూడా, ఈ గుట్ట కింద నాకు రెండు సెంట్ల జాగా చూడండప్పా, ఇల్లు కట్టుకుంటా అనలేదు.