ఎర్రగుడ్డలో పొగాకు

అథబాస్కా ఏటి ఒడ్డున, తారు ఇసుక తవ్వే గనికి ఇవతల, అత్త తన వేటగుడిసె మెట్టు మీద కూర్చుని ఉంది. గనిలో బండి తోలే మేనల్లుడు ఎదురుగా నిలబడ్డాడు.

"మొన్న మీ కంపెనీవాడొచ్చాడ్రా. ఎర్రగుడ్డలో కట్టిన పొగాకు నా చేతిలో పెట్టి, 'ఈ నేల మీద కాస్త పని చేసుకోనివ్వండమ్మా' అన్నాడు."

"తీసుకున్నావుగా?"

"పొగాకు పుచ్చుకున్నాక మన క్రీ తెగవాళ్ళు కాదంటారట్రా? ఏవో కొలతలు తీసుకుంటారనుకున్నా. పొద్దున చూస్తే అడవంతా నేలకూల్చారు!"

"అది పైచెత్త అత్తా. అది తీస్తేగానీ కింద తారు ఇసుక తగల్దు."

"పైచెత్తా? మీ తాత ఉచ్చులేసిన అడవి పైచెత్తా? నువ్వు మూతంతా పూసుకుని తిన్న పళ్ళు పైచెత్తా? నీ నోరు పడిపోను!"

"ఆ పేరు నేను పెట్టానా? గనిలో అందరూ అదే అంటారు."

"సరే. ఇన్నేళ్ళూ కాగితాలు పట్టుకొచ్చి సంతకం పెట్టమన్నవాళ్ళకి, పొగాకు సంగతి ఎవడు చెప్పాడ్రా?"

అతను బూట్ల వంక చూసుకున్నాడు.

"మర్యాదగా ఎలా అడగాలో చెప్పమన్నారత్తా. చెప్పాను."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావన్నమాట!"

ఆమె లోపలికెళ్ళి ఆ మూట తెచ్చింది.

"చెయ్యి చాపు. ఇప్పుడు నేనడుగుతున్నా. రేపు ఆ బండెక్కకు."

అతను రెండు చేతులూ కోటు జేబుల్లోకి తోసేశాడు.

"చూశావా? పుచ్చుకుంటే కాదనకూడదని నీకూ తెలుసు. ఆ ముక్క వాడికి చెప్పడానికి నోరొచ్చిందే, వాడు దేనికొస్తున్నాడో నాకు చెప్పడానికి రాలేదేం?"