నీలం అద్దంలో కుంకుమ

సభకు అధ్యక్షత వహించిన మన తెలుగు సంఘం అధ్యక్షులు సూర్యప్రకాష్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, మా హెడ్మాస్టరు మనోజ్‌కుమార్ గారికి, ముప్పై నాలుగేళ్లుగా స్టాఫ్‌రూములో నా కోపాన్నీ నేను పెట్టిన టీనీ భరించిన తోటి టీచర్లకు, రిసాలి నుంచీ సెక్టర్ 2 నుంచీ ఈ ఎండలో బండ్ల మీద వచ్చిన తల్లిదండ్రులకు, నా పాత విద్యార్థులకు, ముందు వరుసలో జంబుఖానా మీద కూర్చుని మిఠాయి పెట్టెల వైపే చూస్తున్న ఆరో తరగతి పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

సూర్యప్రకాష్ గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. భాగ్యరేఖ టీచరు చెప్పిన పాఠం ఎవరూ మరిచిపోరన్నారు, శాలువా కప్పారు, మీరందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షా, ఒక పిల్లవాడు నిజంగానే మరిచిపోలేదు. ఆ సంగతి చెప్పకుండా ఈ శాలువా ఇంటికి పట్టుకుపోతే, బీరువా తెరిచినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. అందుకని హెడ్మాస్టరు గారు నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో ముందు ఒక పాఠం చెప్పుకుంటాను, తరువాత ఒక తప్పు ఒప్పుకుంటాను. గంట కొట్టాక కూడా పాఠం ఆపని మనిషినని మీకు తెలుసు, కాబట్టి గడియారం చూసుకోకండి. (నవ్వులు)

పిల్లలూ, ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. అరచేతిలో పట్టేంత నీలం గాజు ముక్క, చుట్టూ చెక్క చట్రం. ఇది మా నాన్నది. మా నాన్న నరసింగరావు బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడి స్టీలు ప్లాంటులో ఉక్కు కరిగించే కొలిమి దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. సెక్టర్ 6 క్వార్టరు నుంచి సైకిలు మీద షిఫ్టుకు బయలుదేరేటప్పుడు అన్నం డబ్బా మరిచిపోయిన రోజులున్నాయి గానీ, ఈ అద్దం మరిచిపోయిన రోజు లేదు. కొలిమిలో వెలుగు ఎంత తీవ్రంగా ఉంటుందంటే వట్టి కళ్లతో చూస్తే ఏమీ తెలియదు, కళ్లు పాడవుతాయి కూడా. ఈ అద్దం అడ్డం పెట్టుకుని, లోపల లోహం ఎలా ఉందో, ఇంకా ఎంతసేపు మరగాలో చూసి చెప్పేవారట.

వాళ్ల గ్యాంగులో ఒక పద్ధతి ఉండేదని నాన్న చెప్పేవాడు. కొలిమి తలుపు ఎత్తగానే, అందరికన్నా కొత్తగా చేరినవాణ్ణి ముందు నిలబెట్టి, 'నీకేటి కనబడతాంది?' అని అడిగేవారు. వాడు చెప్పేదాకా ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు కూడా నోరు విప్పకూడదు. చిన్నప్పుడు నాకది విడ్డూరంగా తోచి, తెలిసినవాళ్లే ముందు చెప్పొచ్చు కదా అని అడిగాను. నాన్న చెప్పిన మాట నాకు ఈ రోజుకీ చెవిలో ఉంది. "ఏటే పాపా, నేను ముందు చెప్పీసానంటే ఆడు నా కళ్లతోటే చూస్తాడు గానీ ఆడి కళ్లతో చూడడు. కొత్తోడినే ముందడగాల. ఆడు తప్పు చెప్పినా, ఎందుకలా అగుపించిందో కనుక్కోవాల."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు పాఠం. నీలిమా, లేచి నిలబడమ్మా. ఈ పొట్లంలో ఏముంది? కుంకుమ. ఏం రంగు? 'లాల్' అంటోంది. (నవ్వులు) ఎరుపు అను తల్లీ, తెలుగు సంఘం వాళ్లు వింటున్నారు. (నవ్వులు) సరే, ఆ ఎరుపు ఎక్కడుంది? కుంకుమలో ఉందంటున్నావు. మరి తలుపులన్నీ మూసి, చీకటి గదిలో ఈ పొట్లం విప్పితే ఎరుపు కనబడుతుందా? కనబడదు. కుంకుమ పొట్లంలోనే ఉంది, ఎరుపు ఎక్కడికి పోయింది?

కిటికీలోంచి వస్తున్న ఆ ఎండ చూడండి, తెల్లగా ఉంది కదా. అందులో రంగులన్నీ కలిసే ఉన్నాయి. నా చిన్నప్పుడు షిఫ్టు మారే వేళ అన్ని సెక్టర్ల నుంచీ సైకిళ్లు ఒక్కటిగా గేటు వైపు పోయేవి. దూరం నుంచి చూస్తే అదంతా ఒకే ప్రవాహం. దగ్గరికొస్తే ఒక్కొక్కటీ వేరు. ఎండలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అలాగే కలిసి వస్తాయి. అవన్నీ కుంకుమ మీద పడగానే, కుంకుమ చాలావాటిని తనలోకి మింగేసుకుని, ముఖ్యంగా ఎరుపును తిరిగి పంపిస్తుంది. ఆ తిరిగొచ్చిన వెలుగు నీ కంట్లో పడితే, అప్పుడు నువ్వు 'లాల్' అంటావు. ఆకు ఆకుపచ్చను వెనక్కి పంపుతుంది, నిమ్మకాయ పసుపును. వెలుగే రాకపోతే పంపడానికేమీ లేదు, అందుకే చీకట్లో రంగు లేదు.

ఇప్పుడు నాన్న అద్దంలోంచి చూడు. ఏమైంది? నల్లబడిపోయింది, అవునా? ఎందుకంటే ఈ అద్దం నీలాన్ని పోనిస్తుంది, ఎరుపును చాలామట్టుకు ఆపేస్తుంది. కుంకుమ పంపేదేమో ఎరుపు. అది అద్దం దగ్గరే ఆగిపోతే నీ కంటిదాకా వచ్చేదేమీ లేదు. కూర్చో తల్లీ, బాగా చెప్పావు.

సరిగ్గా ఇదే పాఠం ఇరవై నాలుగేళ్ల కిందట, ఆ చివరి గదిలో, ఆరో తరగతికి చెప్పాను. ఈ అద్దమే, ఇలాంటి కుంకుమ పొట్లమే, బెంచీ నుంచి బెంచీకి పంపించాను. అందరూ అద్దంలోంచి చూశారు, 'నల్లబడింది టీచర్' అన్నారు, అద్దం తీశారు, 'ఎర్రబడింది టీచర్' అన్నారు, నేను పొంగిపోయాను. మూడో బెంచీలో అనిల్‌కుమార్ అనే పిల్లవాడి దగ్గరికొచ్చేసరికి పాఠం ఆగిపోయింది. వాళ్లది రైల్వే కుటుంబం. వాళ్ల తాతగారు ఇంజను డ్రైవరు. ఆ పిల్లవాడు అద్దం పెట్టి చూశాడు, తీసి చూశాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. క్లాసులో అందరికన్నా ఎక్కువసేపు, అందరికన్నా శ్రద్ధగా చూసింది వాడే. చూసి, "టీచర్, దోనో ఏక్ జైసా ఉంది" అన్నాడు. రెండూ ఒకేలా ఉన్నాయని.

కళ్లు తెరిచి చూశావా అన్నాను. "చూశాను టీచర్. ఫరక్ లేదు" అన్నాడు, తేడా ఏమీ లేదని.

నాకది పొగరుగా వినిపించింది. ఎందుకలా అగుపించిందో కనుక్కోమన్న మా నాన్న మాట, ఆయన అద్దం నా చేతిలో ఉండగానే, నాకు గుర్తు రాలేదు. అదే క్లాసులో ఉన్న సురేశ్ వైపు చూసి కనుబొమలెగరేశాను. సురేశ్, నువ్విప్పుడు ఈ హాల్లో ఐదో వరుసలో కూర్చున్నావు, తల దించుకోకు నాయనా. నువ్వు నవ్వావు, క్లాసంతా నవ్వింది. కానీ నవ్వమని సైగ చేసింది నేను. 'ఎర్రగా కనిపించేదాకా నిలబడు' అని అనిల్‌తో అన్నాను. గంట కొట్టారు, పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయాను. తరువాతి పీరియడుకు వెళ్లిన లెక్కల మాస్టారు కూర్చోమంటే, 'భాగ్యరేఖ టీచర్ కూర్చోమనలేదు' అన్నాడట. మాస్టారు వచ్చి ఆ సంగతి చెబితే, స్టాఫ్‌రూములో టీ తాగుతూ నవ్వాను.



మర్నాడు కుంకుమ చూపించి అడిగితే తడుముకోకుండా 'ఎరుపు' అన్నాడు. చూశారా, దారికొచ్చాడు అనుకున్నాను. ఆ తరువాత నేనడిగిన ఏ రంగుకూ వాడు తప్పు చెప్పలేదు. సైన్సులో తొంభై ఆరు మార్కులు నా చేత్తోనే వేశాను.

పన్నెండేళ్ల కిందట ఒక ఆదివారం వాళ్లమ్మ కన్నమ్మగారు అనిల్‌ని వెంటబెట్టుకుని మా క్వార్టరుకు వచ్చారు. రైల్వేలో ఇంజను మీద అసిస్టెంటు పని కోసం మూడేళ్లు చదివి, ఒకసారి తప్పి, రెండోసారి రాతపరీక్ష పాసయ్యాడు. ఇంట్లో తాతగారి పాత టోపీకి దుమ్ము దులిపి పెట్టుకున్నారు. మెడికల్‌లో రంగుల పరీక్షకు చుక్కల బొమ్మల పుస్తకం చూపించి, రంగు చుక్కల్లో దాగిన అంకె చదవమంటే చదవలేకపోయాడు, ఉద్యోగం లేదన్నారు. "టీచరమ్మా, అక్కడేదో పొరపాటయిపోనాది. మీ దగ్గర మా ఓడికి తొంభై ఆరు. రంగులు తెలీనోడికి తొంభై ఆరెలాగొస్తాయి? మీరొక కాగితం రాసిచ్చీండి, నాను పట్టుకెళ్లి సూపిస్తాను" అని ఆవిడ నా చేతులు పట్టుకున్నారు.

నేను అనిల్ వైపు చూశాను. ఇన్నేళ్లూ ఎలా నెట్టుకొచ్చాడో తరువాత తెలిసింది. కుంకుమ ఎరుపని, ఆకు ఆకుపచ్చని వాడు బట్టీ పట్టాడు. క్రేయాన్ల మీద పక్కవాడి చేత పేర్లు రాయించుకున్నాడు. టమాటా పండిందో లేదో నొక్కి తెలుసుకునేవాడు. రోడ్డు మీద సిగ్నల్లో పై దీపం వెలిగిందా, కింది దీపం వెలిగిందా అని చూసి ఆగేవాడు. తనకొక్కడికే ఇలా ఉందని, అది బయటపెడితే నవ్వుతారని పదకొండో ఏట తెలుసుకున్నాడు. తెలియజేసింది నేను. ఆ ఆదివారం మా ఇంట్లో నన్నడిగాడు, "టీచర్, మీకొకసారి చెప్పాను. గుర్తుందా?"

లేదు బాబూ, అన్నాను.

అబద్ధం చెప్పాను. ఆ బెంచీ, ఆ కుంకుమ, ఆ నవ్వు అన్నీ గుర్తున్నాయి. ఒప్పుకుంటే కన్నమ్మగారు నా చేతులు వదిలేస్తారని భయపడ్డాను. కాఫీ ఇచ్చి పంపించేశాను. అనిల్ మళ్లీ అడగలేదు.

పిల్లలూ, నా పాఠంలో ఎక్కడ తప్పిపోయానో ఇప్పుడు వినండి. వెలుగు గురించి చెప్పాను, కుంకుమ గురించి చెప్పాను, అద్దం గురించి చెప్పాను. చూసే కంటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కంటి లోపల వెనకనున్న పొరలో రంగులు పట్టుకునే మూడు రకాల కణాలుంటాయి. కొంతమందికి పుట్టుకతోనే అందులో ఒక రకం ఉండదు. ఎరుపును బాగా పట్టే రకం లేకపోతే, కుంకుమ పంపిన వెలుగు కంటిదాకా వచ్చినా పట్టుకునే దిక్కుండదు. అప్పుడు అద్దం పెట్టినా తీసినా కుంకుమ నల్లగానే ఉంటుంది. ఆ రోజు నలభై మందిలో నాకు కొత్త సంగతి చెప్పినవాడు ఒక్కడే. వాణ్ణే నిలబెట్టాను. నేనప్పుడు కనుక్కుని ఉంటే వాడికి ఇంజను ఉద్యోగం వచ్చేదని కాదు, రాదు. కానీ వాడి మూడేళ్లు మిగిలేవి, కన్నమ్మగారికి ఆ కాగితం అడిగే అవస్థ తప్పేది, పదకొండేళ్ల పిల్లవాడు తన కళ్లను తనే దాచుకోవాల్సిన పని ఉండేది కాదు.

మధులతా, రేపటి నుంచి ఆరో తరగతి సైన్సు నీది. సభ అయ్యాక ఈ అద్దం నీకిస్తాను. దీనితోపాటు మా నాన్న గ్యాంగు పద్ధతి కూడా తీసుకో. నువ్వు జవాబు చెప్పకముందే పిల్లల్ని అడుగు, అందరికీ భిన్నంగా చెప్పినవాడి పక్కకెళ్లి కూర్చో.

నన్ను ఇన్నేళ్లు భరించినందుకు బడికి, కట్టెల పొయ్యి మీద వండి నన్ను చదివించిన మా అమ్మ నూకమ్మకు, సభ పెట్టిన సంఘానికి, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క పని మిగిలింది.

మీకు నా గొంతు ఇంత స్పష్టంగా వినిపిస్తోందంటే, ఈ మైకులు పెట్టింది అనిల్. రిసాలిలో అతనికి సౌండు సర్వీసు ఉంది. అతని వైర్లకు రంగులతో పని లేదు. ఒక ముడి, రెండు ముళ్లు, మూడు ముళ్లు, అదే గుర్తు. పొద్దున్న మైకు ఎత్తు సరిచేస్తుంటే, నీ సంగతి చెప్పనా అని అడిగాను. 'మైకు మీది టీచర్, మీ ఇష్టం' అన్నాడు. ఏ సంగతో అడగలేదు. అదిగో, తలుపు దగ్గర యాంప్లిఫయరు పక్కన, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడు.

అనిల్, నాకు గుర్తుంది. ఆ రోజూ గుర్తుంది, నువ్వడిగిన రోజూ గుర్తుంది. నన్ను క్షమించు. నిన్ను క్లాసు ముందు నిలబెట్టాను కాబట్టి క్లాసు ముందే అడుగుతున్నాను.

నీలిమా, ఈ పొట్లం, ఈ అద్దం తీసుకెళ్లి ఆ అన్నయ్యకివ్వమ్మా. అనిల్, అద్దం పెట్టి చూడు, తీసి చూడు. తొందరేమీ లేదు. ఎవరూ నవ్వరు. నీకేటి కనబడతాంది?

(అనిల్‌కుమార్ అద్దం పెట్టి చూశారు, తీసి చూశారు. హాలు వెనక నుంచి: "దోనో ఏక్ జైసా ఉంది, టీచర్.")

విన్నారా పిల్లలూ? సరైన జవాబు. ఇరవై నాలుగేళ్ల కిందట కూడా ఇది సరైన జవాబే.

ఇక కూర్చో నాన్నా.

(సురేశ్ లేచి తన కుర్చీ తీసుకెళ్లి వేశారు. అనిల్‌కుమార్ కూర్చున్నారు.)

నా పీరియడు అయిపోయింది. సెలవు.